తీగ ఎందుకు మారింది

హనుమాన్ జంక్షన్



నీ మెటల్ బ్యాండు పాట విన్నానురా. గిటార్ హోరులో మృదంగం, ఆ వెంటనే హిందోళ రాగం. ఇలా కలిపినవాళ్లు ఎవరూ లేరని రాశావు. ఎవరూ చేయలేదని ఒక పాట చేస్తామా మేనల్లుడూ?

మన జంక్షన్ నుంచి గుడివాడ ఎంత దూరం! 1978లో అక్కడి త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పాలకొల్లు పిల్లాడు, పదేళ్లు నిండనివాడు, మాండలిన్ మీద కచేరీ చేశాడు. ఉప్పలపు శ్రీనివాస్. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండలిన్ వాయించేవారు కారు. ఆయన పాడితే పిల్లాడు ఆ గొంతులోని వంపుల్ని తీగ మీద వెతుక్కునేవాడు. మామూలు మాండలిన్‌కు జంట తీగలు. మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది, జంటను లాగి ఆ వంపుల్ని, అదే గమకాన్ని, పలికించడమూ కష్టమే. అందుకే శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌కు అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. గొంతు అడిగింది, తీగ మారింది.

మీ మెటల్‌కు ఆద్యుడు టోనీ ఐయోమీ సంగతీ అంతే. 17 ఏళ్లకు బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. ఎడమచేతివాటం మనిషి, గిటార్ మెట్లు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్న తీగలు వేశాడు, తర్వాత శ్రుతి కిందికి దించాడు. అతని బ్యాండు బ్లాక్ సబ్బాత్ నాదంలోని బరువు వెనక ఆ నొప్పి కూడా ఉంది.

శ్రీనివాస్ ఆ తర్వాత మైకేల్ బ్రూక్‌తో 1995లో 'డ్రీమ్' ఆల్బమ్ చేశాడు, రిమెంబర్ శక్తి బృందంలో మెక్‌లాఫ్లిన్ గిటార్ పక్కన కూర్చున్నాడు. ఎక్కడ కూర్చున్నా గమకం సడలలేదు. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయాడు. ఆ బాధ నాకింకా పోలేదు.

ఇద్దరికీ అవసరం వల్లే తీగ మారింది. మరి నీ పాటలో మృదంగం తీసేస్తే పాట కుంటుపడుతుందా? పడకపోతే నిర్దాక్షిణ్యంగా తీసెయ్. ఇక నీ హిందోళంలో స్వరాలన్నీ ఉన్నాయి, ఒకదాన్నుంచి మరొకదానికి నడిచే దారి లేదు. మెట్టు మీంచి మెట్టు మీదికి గెంతుతున్నావు. డిస్టార్షన్ పెట్టిన గిటార్‌లో స్వరం ఎంతసేపు నిలుస్తుందో నీకు తెలుసు కదా. మామూలు మాండలిన్‌కు లేని భాగ్యం అది. దాన్ని వృథా చేయకు. గిటార్ ఇంట్లో పెట్టి, పాట నేర్పే మాస్టారి ముందు కూర్చుని గాంధారం, నిషాదం గొంతుతో పట్టుకో.

ఉద్యోగం మానేస్తావేమోనని అమ్మ బెంగ. తనతో నేను మాట్లాడతాను, నువ్వు మాత్రం అప్పుడే రాజీనామా ఇవ్వకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు అదే పాట మృదంగం లేకుండా వాయించి తీసుకురా.

మీ మామయ్య