ఉద్ధరణ ధర్మము

'ఉద్ధరణము' అను మాటకు రెండర్థములు కలవు. ఒక గ్రంథమునుండి కొంతభాగమును పైకి తీసి చూపుట ఒకటి. మునుగుచున్నదానిని గట్టు చేర్చుట మరియొకటి. ఈ రెండును ఒక్క మాటలో ఇమిడియుండుట విచారింపదగిన విషయము. పైకి తీసిన ప్రతి భాగమును గట్టు చేరినట్లేనా? మూలమునుండి వేరు చేయుటచేతనే దానికి హాని కలుగు సందర్భములు లేవా?

ముందుగా ఉపకారమును తలచుకొందము. పదునైదవ శతాబ్ది కవియగు మడికి సింగన, పూర్వుల నీతిగ్రంథములనుండి పద్యములను ఏరి 'సకలనీతిసమ్మతము'ను కూర్చెను. ఆయన చేతికందిన 'ముద్రామాత్యము' నేడు మనకు లేదు. అందుండి ఆయన ఏరిన పద్యములు మాత్రము మిగిలినవి. పెదపాటి జగ్గన 'ప్రబంధరత్నాకరము'ను కూర్చి కావ్యములలోని వర్ణనలను ఒకచోట చేర్చెను. దాని వ్రాతప్రతి తమిళదేశమున, తంజావూరు సరస్వతీమహలులో నిలిచినది. 1918లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 'ప్రబంధరత్నావళి'ని వెలువరించి, నశించిన కావ్యముల పద్యములను లోకమునకు చూపిరి. పద్యముతోపాటు కవిపేరును, కావ్యనామమును జగ్గన తెలిపియుండుటచేతనే అది సాధ్యమయ్యెను. ఆ రెండుమాటలు వ్రాయుటకు బద్ధకించియుండినచో, ఎందరో కవులు పేరుకైనను మిగిలియుండెడివారు కారు.

ఇక హానిని చూతము. భారతము ఆదిపర్వమున కణికనీతి కలదు. శత్రువును నమ్మించి, అదను చూచి, దయ తలపక నశింపజేయవలెనని కణికుడు కౌరవపక్షమునకు చేసిన బోధ యది. ఆ భాగమును మాత్రమే విడదీసి 'భారతనీతి' యని పేరుపెట్టి ముద్రించినచో ఒక్క అక్షరమును మార్చినట్లు కాదు. అయినను అసత్యము చెప్పినట్లే యగును. ఏలయన, కథాక్రమమున ఆ బోధ వెనుక వచ్చునది లక్కయిల్లు. ఆ మాటల ఫలమేమో మహాభారతమంతయు చెప్పుచున్నది. ఫలమును దాచి బీజమును మాత్రమే చేతిలో పెట్టినవాడు చదువరిని మోసగించినట్లే. అక్షరమునకు విధేయుడై యుండియు అర్థమునకు ద్రోహము చేయవచ్చుననుటకు ఇంతకన్న నిదర్శనమక్కరలేదు.

దురుద్దేశము లేనిచోట కూడ ఏరుటలో ఒక అధికారము దాగియున్నది. బ్రౌనుదొర 1829లో ప్రకటించిన వేమన పద్యములు 693. 1839నాటి ముద్రణములో అవి 1164. మొదటి పుస్తకమును చదివినవాని వేమనయు, రెండవదానిని చదివినవాని వేమనయు సరిగా ఒక్కడే కాడు. ఏరువాడు విడిచినది చదువరికి కనబడదు. విడిచినాడన్న సంగతియు చెప్పినగాని తెలియదు.

అట్లని ఏరుట మానుకొందమా? అది కుదరదు. పదునెనిమిది పర్వములను పసివాని ముందు కుప్పవోయలేము. జీవితము స్వల్పము, వాఙ్మయము అపారము. కావున ప్రశ్న ఏరవలెనా వలదా అనునది కాదు, ఎట్లు ఏరవలెననునదే.

నా అభిప్రాయమిది: మూలము రేపు మిగులదని తలచి నేడు ఏరవలెను. మూలము ఎదుట నున్నంతకాలము మన పొరపాటును ఎవరైనను సరిచూచి దిద్దగలరు. అది నశించిన పిమ్మట ఏరినవాని నిజాయితీ తప్ప చదువరికి వేరు ఆధారము లేదు. తాను కూర్చిన పుటలే కొన్ని కావ్యములకు కడపటి ఆశ్రయమగునని జగ్గనకు తెలిసియుండదు. తెలియకయే ఆయన పేర్లు వ్రాసెను. ధర్మమనగా అదియే, పరీక్షించువాడు లేనిచోట నిలుచునదే ధర్మము.

ఈ విచారము మనకు దూరమైనది కాదు. హోసూరులోను, బరంపురములోను, షోలాపురములోను తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబములలో, ఇంట తెలుగు మాటాడుచు లిపి నెరుగని పిల్లలు కలరు. తెలుగు చదువనేరని బిడ్డకు మూలగ్రంథము బీరువాలో నున్నను నశించినట్లే. మనము వేడుకలకై నేర్పిన నాలుగు పద్యములే వానికి తెలుగు సాహిత్యమంతయు. పైగా నేడు యంత్రములు కోరినంతనే పుటలకు పుటలు తెచ్చి, అందుండి రెండు వాక్యములను ఏరి చేతికిచ్చుచున్నవి. ఆ వాక్యములు ఎవరివి, ఎవరితో అన్నవి, వాని ముందేమున్నది, వెనుకనేమున్నది అని అడుగు అలవాటు తప్పిపోయినచో, చదువు పెరిగినట్లు కనబడుచు తెలివి తరుగును.

కనుక పద్యము నేర్పునప్పుడు కవిని చెప్పుదము. మాట నుదాహరించునప్పుడు ఆ మాట యే పాత్రదో చెప్పుదము. విడిచినది కలదని దాచక చెప్పుదము. మూలమునకు మరలిపోవు దారిని తెరచియుంచిన ఏరికయే ఉద్ధరణము. ఆ దారిని మూసినది, ఎంత అందముగా కూర్చినదైనను, తుంచుటయే.