నయం కాదని తెలిసినా ఆశ ఎందుకు?

ఫలితం రాదని తెలిసినా పని ఎందుకు చేయాలి? నాకైతే ఫాదర్ డామియన్ గుర్తొస్తారు. బెల్జియంలో పుట్టిన ఈ క్రైస్తవ గురువు 1873లో హవాయిలోని మొలొకాయి దీవికి, కుష్ఠురోగులను వెలివేసిన చోటికి వెళ్లారు. అప్పట్లో ఆ జబ్బుకి మందు లేదు. అయినా పుళ్లకు కట్లు కట్టారు, ఇళ్లు కట్టించారు, శవపేటికలు స్వయంగా చేశారు. అదే జబ్బుతో 1889లో కన్నుమూశారు.

మన గీత ఫలాపేక్ష వదలమంటుంది. ఆయన మాత్రం మరణం తర్వాత పునరుత్థానం ఉందని నమ్మారు. రెండూ ఒకటే అని నేననను. కానీ ఆయన్ని చూస్తే ఒకటి అర్థమవుతుంది: నయం కాని మనిషిని కూడా వదలకుండా పక్కన ఉండగలగడమే ఆశ.

మీ ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లుంటే, ఈరోజు కాసేపు వాళ్ల దగ్గర కూర్చోండి. శుభం!