రాని పుండు

వృద్ధుల సంరక్షణను వృత్తిగా చేపట్టినవారి పనిని ధర్మదృష్టితో చర్చించేటప్పుడు సాధారణంగా ముందుకు వచ్చే ప్రశ్న, జీతం పుచ్చుకొని చేసేది సేవ అవుతుందా అన్నది. దానికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది: పని ఫలితం కంటికి కనిపించనిదైనప్పుడు, అందులోని నేర్పును దేన్నిబట్టి గుర్తించాలి? దర్జీ నేర్పు చొక్కాలోనూ వడ్రంగి నేర్పు తలుపులోనూ కనిపిస్తాయి గాని, మంచం పట్టిన మనిషిని ఏడాదిపాటు చూసుకున్న ఆయా నేర్పు మాత్రం ఆ మనిషి నడుము కింద పుండు పడకపోవడంలోనే ఉంటుంది.

లేకపోవడం కూడా ఒక పదార్థమేనని న్యాయవైశేషికులు వాదించారు. ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం పదార్థాలను ఏడుగా లెక్కించి, ద్రవ్యగుణాదుల తరువాత చివరిదిగా అభావాన్ని చేర్చింది. అందులో ఒక రకమైన ప్రాగభావం, అంటే వస్తువు పుట్టకముందు ఉండే దాని లేమి, ఆది లేనిదే అయినా వస్తువు పుట్టగానే అంతమైపోతుంది. అభావాన్ని ఎలా తెలుసుకుంటామన్న విషయంలో భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అనుపలబ్ధి, అనగా కనబడకపోవడం, అనే ప్రత్యేక ప్రమాణాన్ని అంగీకరించారు. అయితే కనబడనిదల్లా లేనట్టు కాదు, ఉంటే తప్పక కనబడి ఉండవలసిన చోట, చూడదగిన రీతిలో చూసినా కనబడనప్పుడే లేదని చెప్పవచ్చు. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండ లేదనడానికి వీల్లేదు. ఈ నియమాన్ని రోగి మంచం దగ్గరికి తెస్తే విషయం తేటపడుతుంది. వారానికోసారి హైదరాబాదు నుంచి వచ్చి తల్లి ముఖం చూసి, బాగానే ఉందని తృప్తిపడే కొడుకుది చీకటి గదిలోని చూపు. రోజూ స్నానం చేయించేటప్పుడు త్రికాస్థి మీద, మడమల మీద, తుంటి ఎముకల మీద చర్మం ఎర్రబడిందేమోనని వేలితో నొక్కి, ఆ ఎరుపు తెల్లబడి మళ్లీ వస్తున్నదా లేక అలాగే నిలిచిపోతున్నదా అని పరీక్షించే ఆయాకు మాత్రమే పుండు లేదన్న జ్ఞానం ప్రమాణసిద్ధంగా ఉంటుంది.

నల్లగొండ జిల్లాలో అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి వెంట, 2016 జిల్లాల పునర్విభజనలో మండల కేంద్రమైన మాడుగులపల్లి వంటి ఊళ్లలో, చదువుకున్న పిల్లలు పట్నానికీ విదేశాలకీ వెళ్లిపోగా ఇళ్లలో మిగిలినవారు ఎక్కువగా వయసు మళ్లినవారే. చేతకాని రోజులు వచ్చినప్పుడు వారిని చూసుకోవడానికి కుదిరే మనిషిని జనం ఆయమ్మ అనో, కేర్‌టేకర్ అనో పిలుస్తారు. ఆ పిలుపుల్లో నేర్పు ప్రస్తావన లేదు. పైగా నల్లగొండ ప్రాంతానిదంటూ ఒక కష్టం ఉంది. తాగునీటిలో మితిమీరిన ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వెన్నునూ కీళ్లనూ బిగించివేసే ఫ్లోరోసిస్ వ్యాధి ఈ జిల్లాలో దశాబ్దాలపాటు ఎందరినో వంచింది. వెన్ను కర్రలా బిగిసిన వృద్ధుణ్ణి పక్కకు తిప్పాలంటే భుజం పట్టి లాగడం పనికిరాదు; నడుము కింద మడతపెట్టిన దుప్పటిని చెరోవైపు ఇద్దరు పట్టుకొని, తల, వీపు, తుంటి ఒక్కసారే కదిలేట్టు దుంగను దొర్లించినట్టు దొర్లించాలి. ప్రతి రెండు గంటలకూ, రాత్రిళ్లు సైతం, ఈ పని జరగాలి. ఇద్దరు ఉండవలసిన చోట చాలా ఇళ్లలో ఒక్కతే ఉంటుంది.

పక్షవాతం వచ్చినవారికి అన్నం పెట్టడం ఇంతకన్నా సూక్ష్మమైన విద్య. పలచని నీళ్లు గొంతులో జారి ఊపిరితిత్తుల వైపు పోయే ప్రమాదం ఉన్నచోట కాస్త చిక్కని రాగి జావ నయమని ఆయాకు తెలుసు. వెన్ను నిటారుగా ఆనించి, గడ్డం కొద్దిగా కిందికి దించి, బాగున్న వైపు బుగ్గలోకి అరచెంచాడు పెట్టి, గొంతు ముడి పైకి లేచి దిగేదాకా ఆగుతుంది. పడిపోయిన వైపు బుగ్గలో ముద్ద నిలిచిపోయిందేమో చూసి గాని రెండో చెంచా ఎత్తదు. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చేయి ముందు, విప్పేటప్పుడు అది చివర. ఇవేవీ పుస్తకం చదివి చెప్పగలిగినవి కావని కాదు, కానీ చదివినవారి చేయి కూడా కొన్ని నెలలు తడబడుతుంది.

చరకసంహిత సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయం చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: భిషక్కు, ఔషధం, ఉపస్థాత అంటే పరిచర్య చేసే మనిషి, రోగి. ఉపస్థాతకు విధించిన గుణాలు ఉపచారం తెలిసి ఉండడం, దక్షత, అనురాగం, శుచి. జీతం కోసం చేసేవారిలో అనురాగం ఎక్కడిదని అనేవారు గమనించవలసిన విశేషం ఒకటుంది: ఆ అనురాగం ఎవరి పట్ల అని చెప్పేచోట గ్రంథం వాడిన మాట భర్త, అంటే భరించేవాడు, పోషించేవాడు. కూలి సంబంధాన్ని గ్రంథకర్త ముందే ఒప్పుకొని, దానిలోనే అనురాగాన్ని అడిగాడని ఆ మాటనుబట్టి భావించవచ్చు. అనురాగమంటే ముందుగా మనసులో ఉబికే భావమేనని అనుకోనక్కరలేదు. గొంతు ముడి దిగేదాకా చెంచా పట్టుకొని ఆగే ఓపికకు అంతకన్నా సరైన పేరు దొరకదు.

ఇంత నేర్పునూ కప్పిపెట్టేది ఫలితం కనబడకపోవడం ఒక్కటే కాదు, మైల అనే భావన కూడా. మలమూత్రాలను తాకే చేయి అన్నం పెట్టే చేయి కూడా అయినందువల్ల, పెద్దాయన ప్రాణం ఎవరి చేతిలో ఉన్నదో ఆ మనిషికే గ్లాసు వేరుగా పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చరకుడి శుచికి ఇది పూర్తిగా తలకిందుల అర్థం.

సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో బౌద్ధ విహారాలు వెలిసిన ఈ నేలకు, భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకం పరాయిది కాదు. అందులోని మహావగ్గంలో, అతిసారంతో తన మలంలోనే పడివున్న భిక్షువును బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగిన ఘట్టం ప్రసిద్ధమైనదే. అంతగా పట్టించుకోనివి దాని తరువాతి నియమాలు. మంచి పరిచారకుడి ఐదు లక్షణాల్లో మందు సిద్ధం చేయగలగడం, పథ్యాపథ్యాలు తెలియడం, మలమూత్రాలకూ వాంతికీ రోత పడకపోవడం, మంచిమాటలతో రోగికి ధైర్యం చెప్పగలగడం ఉన్నాయి; లాభాపేక్షతో కాక మైత్రితో చేయాలన్నదీ ఉంది. ఇక్కడితో ఆగితే జీతగాళ్ల మాట తేలిపోయినట్టే అనిపిస్తుంది. కానీ అదే అధ్యాయం, భిక్షువు మరణించాక అతని చీవరాలూ పాత్రా పరిచర్య చేసినవారికి ఇవ్వవచ్చునని, వారు ఎంతో ఉపకారులని కారణం చెప్పి మరీ, అనుమతించింది. ఆశించి చేయవద్దన్నది చేసేవారికి చెప్పిన మాట. ఇవ్వమన్నది సంఘానికి చెప్పిన మాట. పరిచర్య చేసినవారిలో ఒకరు భిక్షువూ ఇంకొకరు ఇంకా దీక్ష పూర్తికాని సామణేరుడూ అయినప్పుడు చిన్నవాడికి ఎంత ఇవ్వాలన్న సందేహం కూడా అక్కడే వచ్చింది. సమానమైన వాటా ఇవ్వమని తీర్పు.