ఎవరి వోల్టేజీ, అమ్మలూ?

అమ్మలూ,

నీ నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేశాను. మీ అమ్మ కంగారుపడినంత ఘోరమేమీ లేదందులో. భిన్నాలు తప్పలేదు, సూత్రాలు కంఠతా వచ్చు, చేతిరాత మీ తాతయ్యది. అయినా ఇంచుమించు సగం జవాబులు తప్పుతున్నాయంటే నాకు కారణం ఒకటే కనిపించింది. ఓమ్ సూత్రంలో వోల్టేజీ అన్నచోట ఎదురుగా ఏ అంకె ఉంటే అది పెట్టేస్తున్నావు. బొమ్మలో 12 వోల్టుల బ్యాటరీ ఉంది కదా అని ప్రతి రెసిస్టరుకూ పన్నెండేసి వోల్టులు రాసిచ్చేస్తున్నావు. అంత దానగుణం పనికిరాదు తల్లీ. ఉన్నవే పన్నెండు. దారిలో ఉన్నవాళ్లంతా వాటినే పంచుకోవాలి.

అందుకని పెన్ను కదిపే ముందు ఒక్క ప్రశ్న వేసుకో: ఎవరి వోల్టేజీ? ఏ చివర నుంచి ఏ చివరకు? వోల్టేజీ ఒకచోట కుదురుగా ఉండే సరుకు కాదు, రెండు చోట్ల మధ్య తేడా. 'ఇక్కడ అయిదు వోల్టులుంది' అని మెకానిక్కులూ అంటారు, మేమూ అంటాం. అలా అన్నప్పుడు రెండో చోటు మనసులో ఉంటుంది, మామూలుగా అది బ్యాటరీ నెగటివు. మీటరుకు రెండు ప్రోబులు ఎందుకున్నాయో ఆలోచించు. ఒక్కదానితో అది ఏమీ చెప్పలేదు.

నువ్వు రెండుసార్లు కొట్టేసి వదిలేసిన లెక్కే తీసుకుందాం. 12 వోల్టుల బ్యాటరీ, దానికి శ్రేణిలో 4 ఓంలు, ఆ తర్వాత 6 ఓంలు, 3 ఓంలు సమాంతరంగా. నువ్వు 6 ఓంల రెసిస్టరులో కరెంటు ఎంత అనగానే 12ని 6తో భాగించి 2 ఆంపియర్లన్నావు. ఆ రెసిస్టరు రెండు చివరల మీద నిజంగా మీటరు పెట్టామనుకో, 12 చూపిస్తుందా? చూపించదు, మధ్యలో 4 ఓంలది తన వాటా తీసేసుకుంది. సరే, నెమ్మదిగా చేద్దాం. ఆరూ మూడూ సమాంతరంగా కలిస్తే 2 ఓంలు. నాలుగుతో కలిపితే మొత్తం 6. కాబట్టి బ్యాటరీ నుంచి బయల్దేరే కరెంటు 2 ఆంపియర్లు. తమాషా చూశావా, నువ్వు రాసిన అంకే వచ్చింది, కానీ అది వేరేవాళ్లది! ఇప్పుడు 4 ఓంల మీద పడే వోల్టేజీ 8. మిగిలినవి 4 వోల్టులు, ఆ నాలుగే ఆరుకూ మూడుకూ ఉమ్మడి. అప్పుడు 6 ఓంలలో 0.67 ఆంపియరు, 3 ఓంలలో 1.33. రెండూ కలిపితే మళ్లీ 2 ఆంపియర్లు.

ఇక్కడితో పుస్తకం మూసెయ్యకు. బ్యాటరీ ఇచ్చిన పవరు 12 ఇంటూ 2, అంటే 24 వాట్లు. 4 ఓంలది 16 వాట్లు తింటే 6 ఓంలది 2.67, 3 ఓంలది 5.33. కూడి చూడు, 24. జమా ఖర్చూ సరిపోయాయి కదా, ఇక వెనక పేజీలో జవాబు చూడక్కర్లేదు. నువ్వు వెనక పేజీలు చూసే అలవాటు మానాలని నా కోరిక. ఉద్యోగంలో చేరాక వెనక పేజీ ఉండదు.

లెక్క మొదలుపెట్టకముందే జవాబు సుమారుగా ఎంతుండాలో అనుకోవడం కూడా నేర్చుకో. సమాంతరంగా కలిపిన రెసిస్టర్ల మొత్తం వాటిలో అతి చిన్నదానికంటే కూడా చిన్నది కావాలి. ఆరూ మూడూ కలిసి తొమ్మిది అయిందంటే ఎక్కడో దారి తప్పావన్నమాట. ఇంకో చిట్కా: వోల్టులను కిలో ఓంలతో భాగిస్తే నేరుగా మిల్లీ ఆంపియర్లు వస్తాయి. 9 వోల్టులు, 3 కిలో ఓంలు, 3 మిల్లీ ఆంపియర్లు. పది పవర్ మైనస్ మూడు అని రాసుకుంటూ సున్నాల్లో దారి తప్పక్కర్లేదు.

బొమ్మల సంగతి. ఎంట్రన్సు పరీక్షల పేపర్లలో సర్క్యూటును కావాలనే మెలికలు తిప్పి ఇస్తారు. సమాంతరంగా ఉన్నవి శ్రేణిలో ఉన్నట్టు కనిపిస్తాయి. దానికి మందు రంగు పెన్సిళ్లు. బ్యాటరీ పాజిటివు నుంచి ఎర్ర పెన్సిలుతో తీగ మీద గీసుకుంటూ వెళ్లు, ఏదైనా రెసిస్టరు ఎదురయ్యేదాకా. కొమ్మలు చీలితే అన్ని కొమ్మలకూ అదే రంగు. రెసిస్టరు దాటాక రంగు మార్చు. అంతా అయ్యాక, రెండు రెసిస్టర్ల చివరలకూ అవే రెండు రంగులుంటే అవి సమాంతరం, బొమ్మలో ఎంత దూరంగా ఉన్నా సరే. ఒక రెసిస్టరుకు రెండు చివరలా ఒకే రంగు వచ్చిందా? దాన్ని మరిచిపో, దాని మీద వోల్టేజీయే లేదు, తీగ దాన్ని షార్టు చేసేసింది. రంగులు పడ్డ బొమ్మను పక్కన నీ పద్ధతిలో మళ్లీ గీసుకో. పిల్లలు దీన్ని టైము దండగ అనుకుంటారు. తప్పులో కూరుకుపోయి కొట్టేసిన పేజీల టైము ఎవరూ లెక్కెయ్యరు.

మీ పుస్తకంలో కరెంటును గొట్టంలో నీళ్లతో పోల్చారు. మొదటి వారానికి మంచిదే. కానీ గొట్టం తెగితే నీళ్లు కారిపోతాయి, తీగ తెగితే కరెంటు అసలు పారదు. చుట్టు పూర్తయితేనే ప్రవాహం. అంతవరకే తీసుకుని ఆ పోలికకు దండం పెట్టు.

ఇప్పుడు కాగితం పక్కన పెట్టి మీ నాన్న బండి దగ్గరకు రా. బ్యాటరీ మీద నడిచే హెడ్‌లైటు మసకగా వెలుగుతోందనుకో. బల్బు మార్చారు, అదే మసక. బ్యాటరీ టెర్మినళ్ల మీద 12.4 వోల్టులు, బల్బు చివరల మీద 10.4. మధ్యలో 2 వోల్టులు ఎవరు మింగారు? లైటు వెలుగుతుండగానే ఒక ప్రోబు బ్యాటరీ పాజిటివు మీద, రెండోది బల్బు పాజిటివు మీద పెట్టు. 0.4 వచ్చింది, స్విచ్చీ తీగలూ కలిసి తిన్నది అంత. ఇప్పుడు బ్యాటరీ నెగటివు నుంచి బల్బు ఎర్తు వైపుకు పెట్టు. 1.6! దొంగ దొరికాడు. ఛాసిస్‌కు బిగించిన ఎర్తు బోల్టు తుప్పు పట్టింది. 10.4, 0.4, 1.6 కూడితే 12.4. మీ లెక్చరర్ బోర్డు మీద రాసిన కిర్చాఫ్ రెండో నియమం ఇదే, బండి మీద గ్రీజు మరకలతో ఉంది అంతే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. బల్బులో పారేది సుమారు 2.7 ఆంపియర్లనుకుంటే ఆ తుప్పు నిరోధం 0.6 ఓం. లైటు ఆర్పేసి ఓంల రేంజిలో పెట్టి కొలిస్తే దాన్ని పట్టుకోవడం కష్టం, మీటరు తీగలకే ఇంచుమించు అంత నిరోధం ఉండొచ్చు. లైటు ఆర్పితే ఆ 1.6 వోల్టులు కూడా మాయమవుతాయి, ఎందుకంటే కరెంటు లేని చోట నిరోధం మీద వోల్టేజీ పడదు. అందుకే వెలుగుతుండగానే కొలవమన్నాను. అన్నట్టు, 12 వోల్టుల 35 వాట్ల బల్బు నిరోధం లెక్క ప్రకారం 4.1 ఓంలు రావాలి. చల్లగా ఉన్నప్పుడు మీటరుతో కొలిస్తే అందులో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. బల్బు చెడిపోలేదు, ఫిలమెంటు వేడెక్కితే నిరోధం అంత పెరుగుతుంది. ఓమ్ సూత్రాన్ని అందరికీ ఒకేలా వర్తించే చట్టం అనుకోకు.

ఓమ్ పేరు ఎత్తాం కాబట్టి ఒక మాట. ఆయన జర్మనీలో కొలోన్ పట్నంలో బడిపంతులు. వోల్టా 1800లో చెప్పిన పద్ధతిలో పేర్చిన బ్యాటరీలు కాసేపు బాగా పని చేసి కాసేపట్లో నీరసించేవి, కొలతలు నిలిచేవి కావు. అప్పుడాయన బిస్మత్, రాగి అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీళ్లలో, ఒకదాన్ని మంచులో ఉంచి నిలకడైన వోల్టేజీ పుట్టించుకున్నాడు. 1827లో పుస్తకం వేశాడు, సొంతదేశంలో చాలామంది పెదవి విరిచారు, 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది. నాకు నచ్చేది ఆ పతకం కాదు. ఆ కొలతల్లోంచి తేలిన సూత్రంలో, పరీక్షకు పెట్టిన తీగ పొడవుతోపాటు, మిగతా సర్క్యూటు నిరోధాన్ని కూడా హారంలో విడిగా కలిపాడు. అంటే మూలం దగ్గర, తీగల్లో దాక్కున్న వాటాను కూడా ఆయన వదల్లేదు. మీరు అంతర్నిరోధం అని ఒక లైనులో చదివి దాటేసేది అదే.

దాన్ని నువ్వే పట్టుకోవచ్చు. వాడి వాడి పారేయబోతున్న 9 వోల్టుల బ్యాటరీ తీసుకో. ఊరికే కొలిస్తే 9 చూపించి మనల్ని మభ్యపెడుతుంది. దానికి 470 ఓంల రెసిస్టరు తగిలించి మళ్లీ కొలువు. 8కి దిగిందనుకో. కరెంటు 17 మిల్లీ ఆంపియర్లు, పోయిన 1 వోల్టు బ్యాటరీ కడుపులోనే పడింది, అంటే లోపలి నిరోధం 59 ఓంలు. ఆ బ్యాటరీతో బొమ్మ కారు నడవలేదని చిన్న తమ్ముడు ఏడిస్తే ఇక నువ్వు లెక్క చూపించి ఓదార్చవచ్చు.

కిర్చాఫ్ తన నియమాలు చెప్పేనాటికి, 1845లో, కోనిగ్స్‌బర్గ్ యూనివర్సిటీలో విద్యార్థి. ఇరవయ్యొక్క ఏళ్లు, నీకంటే మూడేళ్లు పెద్ద, అంతే. ఆయన నియమాల్లో నిన్ను భయపెడుతున్నది మైనస్ గుర్తు. నీ పుస్తకంలో కరెంటు మైనస్ వచ్చిన ప్రతిచోటా లెక్క కొట్టేసి మళ్లీ మొదలుపెట్టావు, అయ్యో అనిపించింది. 13.8 వోల్టుల ఛార్జరు, 12.2 వోల్టుల బ్యాటరీ, దారిలో మొత్తం నిరోధం 0.4 ఓం. బ్యాటరీ నుంచి కరెంటు బయటకు వస్తోందని బాణం గీశావనుకో. జవాబు మైనస్ 4 ఆంపియర్లు. అంటే కరెంటు నీ బాణానికి ఎదురుగా బ్యాటరీలోకి వెళుతోంది, బ్యాటరీ ఛార్జి అవుతోంది. నువ్వు ఎటు గీసినా సూత్రం నిజమే చెప్పింది. బాణం నీ ఇష్టం వచ్చిన దిక్కుకు గియ్యి, కానీ ఒకసారి గీశాక మధ్యలో మార్చకు. గుర్తుల తప్పులన్నీ పుట్టేది అక్కడే.

ఇక ఎల్ఈడీ. ఎర్ర ఎల్ఈడీ వెలిగేటప్పుడు తన మీద సుమారు 2 వోల్టులు అట్టే పెట్టుకుంటుంది. 9 వోల్టుల బ్యాటరీకి కడితే రెసిస్టరుకు మిగిలేవి 7. నువ్వు 9ని భాగించావు, అదే పాత తప్పు. 20 మిల్లీ ఆంపియర్లు కావాలంటే 350 ఓంలు. షాపులో 350 అడిగితే ఉండదు, 330 తర్వాత 390, ఆ తర్వాత 470 దొరుకుతాయి. నేనైతే 470 పెడతాను: 15 మిల్లీ ఆంపియర్లు, వెలుగు పెద్దగా తగ్గదు, పసుపు, ఊదా, గోధుమ గీతలు చూసి డబ్బాలో సులువుగా ఏరుకోవచ్చు. రెసిస్టరులో పడే పవరు 0.1 వాటు, కాబట్టి పావు వాటుది చాలు.

రెండు 10 కిలో ఓంల రెసిస్టర్లతో 12ను 6 చేసి ఆ 6 వోల్టులకు చిన్న మోటారు కడదామని నీకు ఎప్పుడో ఒకప్పుడు బుద్ధి పుడుతుంది, అందరికీ పుడుతుంది. మీటరు 6 చూపిస్తుంది, మోటారు కదలదు. మోటారు 10 ఓంలదైతే, కింది రెసిస్టరు పక్కన అది చేరగానే ఆ జంట నిరోధం 10 ఓంలకు పడిపోయి దాని వాటా 0.012 వోల్టుకు దిగుతుంది. మీటరు అబద్ధమాడలేదు. చాలా డిజిటల్ మీటర్ల నిరోధం 10 మెగా ఓంలు, అది వచ్చి కూర్చున్నట్టు సర్క్యూటుకు తెలియదు కూడా. ఫోన్‌లో సిమ్యులేటర్లు వచ్చాయి, ఇలాంటివి వాటిలో చేసి చూడు, కానీ ముందు నీ అంచనా పక్కన రాసుకున్నాకే రన్ నొక్కు.

తక్కువ వోల్టేజీ కదా అని అలుసు వద్దు. 12 వోల్టులు ముట్టుకుంటే షాకు కొట్టకపోవచ్చు. కానీ కారు బ్యాటరీతో సహా మొత్తం దారిలో నిరోధం 0.02 ఓమే ఉంటే, పానా జారి రెండు టెర్మినళ్ల మీద పడితే 600 ఆంపియర్లు పారతాయి. పానా ఎర్రగా కాలుతుంది, వేలికి ఉంగరముంటే అదీ కాలుతుంది. బ్యాటరీ దగ్గరకు వెళ్లేముందు ఉంగరం, గాజులు తీసి పెట్టు. లిథియం సెల్లుల జోలికి ఇప్పుడప్పుడే పోకు. ఇంట్లో ప్లగ్గు పాయింటు 230 వోల్టులది, అది నీ బడి కాదు, నేను పక్కనుంటే తప్ప అటు మీటరు తీసుకెళ్లవద్దు.

ఈసారి హైదరాబాదు వస్తే కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళ్తాను. ఒక బ్రెడ్‌బోర్డు, రెసిస్టర్ల కట్ట, పది ఎల్ఈడీలు, 9 వోల్టుల బ్యాటరీ క్లిప్పు, ఒక మామూలు డిజిటల్ మీటరు చాలు. మీటరు ఫ్యూజులు మాత్రం రెండు ఎక్కువ కొందాం. కరెంటు కొలిచాక ఎర్ర ప్రోబును వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరిచిపోయి బ్యాటరీ మీద పెట్టే రోజు ఒకటి వస్తుంది, అప్పుడు ఫ్యూజు పోతుంది. పోతే మీ అమ్మకు చెప్పకుండా నాకు ఫోన్ చెయ్యి, ఎలా మార్చాలో చెబుతాను.

మీ మామయ్య