ఆసుపత్రి శయ్యపై శరణాగతి

శరీరము స్వాధీనములో లేనివేళ భక్తుడు చేయదగిన సేవ ఏది? ఈ ప్రశ్నను వృద్ధాప్యమునకు సంబంధించినదిగా తలచుట వాడుక. కాని 25 ఏండ్ల ఇల్లాలికిని ఒక్క దినములో ఇది ఎదురుకావచ్చును.

ఏడవ నెలలో మామూలు పరీక్షకై వెళ్లిన గర్భిణికి రక్తపుపోటు 140/90 దాటినదనియు, మూత్రములో మాంసకృత్తులు కనబడినవనియు చెప్పి, వైద్యులు ఆసుపత్రిలోనే ఉంచుదురు. మఱియొకరికి మావి గర్భాశయ ద్వారమునకు అడ్డముగా నుండుటచే నొప్పి లేకయే రక్తస్రావము కలుగును. ఇంటిలో పెద్దబిడ్డ, సగములో నిలిచిన వ్రతము, నిశ్చయించుకొన్న సీమంతము, అన్నియు ఎక్కడివక్కడ ఆగిపోవును. శయ్యపై నున్న ఆమెకు భయముతోపాటు మఱియొక బాధ కలదు. 'ఏ నియమము తప్పితినో, ఏ మ్రొక్కు మరచితినో' అను శంక అది. చూడవచ్చిన బంధువులలో ఎవరో ఒకరు ఆ శంకకు మాటసాయము చేయుదురు.

ఈ శంకకు ఆధారము లేదు. గర్భకాలమున ఇట్లు పోటు పెరుగుటకు మూలము చాలవరకు తొలినెలలలో మావి ఏర్పడు తీరులోనే యున్నదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. దీపము పెట్టని శుక్రవారమునకును దానికిని సంబంధము లేదు. ఇక పూర్వకర్మ యందురా, ఎవరి కర్మ ఎట్లు పరిపక్వమగునో ఎఱిగినవాడు భగవంతుడొక్కడే. కర్మసిద్ధాంతము తన నడత తాను దిద్దుకొనుటకు గాని, బాధలో నున్నవారిని నిందించుటకు గాదు.

శ్రీమద్భాగవతము సప్తమస్కంధములో ఇట్టి అనుకోని ప్రవాసము ఒకటి కలదు. హిరణ్యకశిపుడు తపస్సునకు పోయియుండగా, నిండు గర్భిణియైన అతని భార్యను ఇంద్రుడు చెరగొని పోవుచుండెను. నారదమహర్షి అడ్డగించి, ఆమెను విడిపించి, తన ఆశ్రమమున ఉంచెను. తెలుగువారు లీలావతి యని పిలుచుకొను ఆ కయాధువుకు అది కోరి వెళ్లిన చోటు కాదు. భర్త తిరిగివచ్చునంతవరకు ఆమె అచట మహర్షిని సేవించుచు, గర్భము క్షేమముగా నుండవలెనని కోరుచు, ఆయన చెప్పిన ధర్మమును వినుచు గడపెను. కాలక్రమమున ఆమె విన్నది మరచెను. గర్భస్థుడైన ప్రహ్లాదుడు మరువలేదు. భయముచే నామజపమున మనస్సు నిలువని తల్లికి ఈ కథ గొప్ప ఊరట. ఆమె చెవిని పడినది ఆమెకు నిలువకున్నను వ్యర్థము కాలేదు.

అయినచో శరణాగతి యనగా ఏమియు చేయక ఊరకుండుటయా? కాదు. శరణాగతికి చెప్పిన అంగములలో మొదటిది ఆనుకూల్య సంకల్పము. భగవంతునికి ప్రియమైన దానిని చేయుదునను నిశ్చయము. తన గర్భములోని జీవుడు ఆయన సొత్తు గనుక, ఆ జీవుని కాపాడు మందును వేళకు పుచ్చుకొనుట ఆయనకు ప్రియమే. నెలలు నిండకయే ప్రసవము కావచ్చునని తోచినచో, శిశువు ఊపిరితిత్తులు పక్వమగుటకు తల్లికి సూదిమందు ఇత్తురు. ఆ సూదిపోటు కైంకర్యము. జపమాల త్రిప్పిన వ్రేళ్లతో శిశువు కదలికలను లెక్కించుట కైంకర్యము. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, పైకడుపులో నొప్పి కలిగినప్పుడు 'దేవుడున్నాడు, ఓర్చుకొందును' అని దాచుట భక్తి కాదు. అవి గుఱ్ఱపువాతమునకు ముందు కనబడు గుర్తులు కావచ్చును. వెంటనే చెప్పుటయే ధర్మము.

మఱియొక అంగము కార్పణ్యము. తన చేతిలో ఏమియు లేదని ఎఱుగుట. గ్రంథములలో చదివిన ఈ మాటను ఆసుపత్రిలోని గర్భిణి శరీరముతో ఎఱుగును. పిల్లి తన కూనను నోట కరచుకొని పోవునప్పుడు కూన చేయు ప్రయత్నము లేదని పెద్దలు దృష్టాంతము చెప్పుదురు. ఆమె గర్భములోని శిశువును అట్టిదే. ఆ శిశువు పూజ చేయలేదని తల్లి దానిని మోయుట మానునా? తల్లి పూజ చేయలేదని జగన్మాత ఆమెను మానునా?

ఇంత చేసినను కొన్ని గర్భములు నిలువవు. అప్పుడు తల్లి విశ్వాసము చాలలేదనుట అపచారము. శరణాగతి కోరిన ఫలమునకు చెల్లించు వెల కాదు. ఫలమెట్లున్నను చేయి విడువనివానిని ఆశ్రయించుట అది.

ఇంటివారి ధర్మమును కలదు. ఆమె పెట్టు దీపమును భర్త పెట్టవలెను. పెద్దబిడ్డకు వేళకు అన్నము పెట్టి, ఆ సంగతి ఆమెకు చెప్పవలెను. ఉపవాసములను, మ్రొక్కులను ఆమెకు గుర్తుచేయరాదు. శరీరము స్వస్థముగా నున్నప్పుడు తన్ను స్మరించినవానిని, అంత్యమున వాడు కట్టెవలె, రాయివలె పడియున్నప్పుడు తానే స్మరింతునని వరాహస్వామి భూదేవికి మాట యిచ్చెను. అంత్యకాలమున మరువనివాడు, రెండు ప్రాణములతో శయ్యపై నున్న ఇల్లాలిని మరచునా?