తెలుసనిపించడం వేరు తల్లీ

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మెసేజీ చదివాను. రోజుకు యాభై ఇంగ్లీషు పదాలు బట్టీ పడుతున్నావనీ, వారం తిరిగేసరికి పదో పన్నెండో తప్ప మిగలడం లేదనీ రాశావు. గ్రామర్ రూల్స్ అన్నీ వచ్చినట్టే ఉన్నా మాక్ టెస్టులో మాత్రం తప్పులు పోతున్నాయన్నావు. చివర్లో ‘తెలుగు మీడియం వాళ్ళకి ఇంతేనా మావయ్యా’ అని ఒక మాట తగిలించావు. ఫోన్లో చెబితే ‘సరే మావయ్యా’ అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. దగ్గర పెట్టుకుంటే అవసరమైనప్పుడు మళ్ళీ చూసుకోవచ్చు.

ముందు నువ్వు రాస్తున్న పరీక్ష సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ మొదటి దశలో నూరు ప్రశ్నలుంటే అందులో ఇంగ్లీషువి 25. రెండో దశలో ఇప్పుడున్న పద్ధతి ప్రకారం ఇంగ్లీషు ప్రశ్నలు 45, ఒక్కోదానికి 3 మార్కులు, అంటే 135. అర్హతకే పరిమితమైన కంప్యూటర్ భాగాన్ని తీసేస్తే మొదటి పేపరు మొత్తం 390 మార్కులు. అందులో మూడో వంతు పైగా ఇంగ్లీషుదే. లెక్కల్లో నువ్వు గట్టిదానివని నాకు తెలుసు. కానీ లెక్కలొచ్చినవాళ్ళు అక్కడ వేలల్లో ఉంటారు. చాలామందికి కటాఫ్ దగ్గర అటో ఇటో తేలేది ఈ 135 మార్కుల్లోనే. భయపడమని చెప్పడం లేదు, పని ఎక్కడుందో చూపిస్తున్నాను.

ఇక నీ యాభై పదాల సంగతి. పదం ఒక పక్క, అర్థం ఇంకో పక్క అచ్చయిన పట్టిక నీ ముందు ఉంటుంది. ‘ఎఫిమెరల్’, పక్కనే ‘క్షణికమైనది’. కళ్ళు రెండూ ఒకేసారి చూస్తాయి. మనసు ‘ఆఁ, తెలుసు’ అంటుంది. నిజానికి తెలియలేదు, తెలుసనిపించింది అంతే. బస్టాండులో కనిపించినవాణ్ణి ఎక్కడో చూశామనుకోవడం వేరు, వాడు ఎవరి అబ్బాయో, ఏ ఊరో చెప్పగలగడం వేరు. పరీక్షలో ఆ పదం అర్థాన్ని వెంటబెట్టుకుని రాదు. ఒంటరిగా, ఒక వాక్యం మధ్యలో, దగ్గరదగ్గరగా ఉండే నాలుగు ఆప్షన్లతో వస్తుంది. అక్కడ ‘ఎక్కడో చూశాను’ అనేది పనికిరాదు.

కాబట్టి మొదటి పని, అర్థం మీద చెయ్యి అడ్డం పెట్టడం. పదం చూసి అర్థం పైకి చెప్పు. తర్వాత అర్థం చూసి పదం చెప్పు. రాకపోతే రాలేదని ఒప్పుకుని గుర్తు పెట్టుకో. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థంలేని అక్షరాల గుంపులు తనకు తానే బట్టీ పట్టి, ఎంత వేగంగా మరిచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. నేర్చుకున్న మొదటి గంటల్లో, రోజుల్లోనే మరుపు జోరుగా ఉంటుందనీ, తర్వాత నెమ్మదిస్తుందనీ ఆయన లెక్క తేల్చింది. ఒకేసారి కూర్చుని రుబ్బడం కంటే మధ్యమధ్య విరామం ఇచ్చి చదివితే నిలుస్తుందనీ చూపించాడు. నువ్వు మరిచిపోవడం నీ బుర్ర లోపం కాదు, అందరి బుర్రలూ అలాగే చేస్తాయి. యాభై మానేసి పదిహేను పెట్టుకో. ఉదయం చదివినవి ఆ రాత్రికి, మళ్ళీ మూడో రోజుకు, వారానికి, నెలకు పుస్తకం మూసి అప్పజెప్పుకో. కొత్త పదాలకు పెట్టే సమయం కంటే పాతవి తిరగెయ్యడానికి పెట్టేది ఎక్కువ ఉండాలి. చూడ్డానికి నెమ్మదిగా ఉంటుంది. హాస్టల్లో పక్క బెడ్ అమ్మాయి ‘నాకు మూడు వేలు అయిపోయాయి’ అంటుంది. అననీ.

నీ దగ్గర నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ ఉందన్నావు. 1949లో వచ్చిన పుస్తకం, ఇప్పటికీ మన కోచింగ్ వీధుల్లో ఫుట్‌పాత్ మీద అమ్ముతున్నారు. అది నవలలా చదివే పుస్తకం కాదు. ఆగి పదాన్ని పైకి పలకమంటుంది, ఖాళీలు పూరించమంటుంది. ఆ ఖాళీలను అలాగే వదిలేసి చివరి పేజీకి చేరినవాళ్ళు పుస్తకం పూర్తయిందనే అంటారు. నువ్వు పెన్సిల్ పట్టుకుని సగం పుస్తకమే చదివినా నాకు సంతోషం.

పదాలను విడివిడిగా కాక కుటుంబాలుగా పట్టుకో. ఇందులో నీకొక ఆస్తి ఉంది, అది ఉన్నట్టు నీకే తెలియదు. మన తెలుగు ద్రావిడ భాషే అయినా సంస్కృతం నుంచి వేల మాటలు తెచ్చుకుంది. ఆ సంస్కృతానికి లాటిన్, గ్రీకులతో చుట్టరికం ఉందని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. ఆ చుట్టరికం నీకు పరీక్షలో పనికొస్తుంది. పాదం తెలిసినదానికి ‘పెడెస్ట్రియన్’ ఎంత దూరం? దంతానికి డెంటిస్ట్, మాతృకు మెటర్నల్, భ్రాతృకు ఫ్రెటర్నల్, నవకు రెనొవేట్. ‘సైడ్’ అంటే చంపడం అని ఒక్కటి పట్టుకుంటే మేట్రిసైడ్ తల్లిని, ఫ్రాట్రిసైడ్ తోబుట్టువును, రెజిసైడ్ రాజును చంపడమని వరుసగా వస్తాయి. జాతి మొత్తాన్ని తుడిచిపెట్టడాన్ని చెప్పడానికి రఫాయెల్ లెమ్‌కిన్ 1944లో ‘జెనొసైడ్’ అనే మాట కట్టింది ఈ పద్ధతిలోనే. ముందున్న గ్రీకు ‘జెనోస్’ మన ‘జన’కు బంధువే. వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్ ప్రశ్నల్లో చాలావాటికి తాళంచెవి ఇక్కడే దొరుకుతుంది.

అయితే ఇక్కడ కూడా ‘తెలుసనిపించడం’ కాచుకుని ఉంటుంది. ‘ఎనర్వేట్’ వినగానే ఎనర్జీ గుర్తొచ్చి బలం ఇవ్వడం అనుకుంటారు. దాని అర్థం నీరసపరచడం. ‘నాయిసమ్’ అంటే చప్పుడు చేసేది కాదు, కంపు కొట్టేది. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళకు ఇలాంటివి ఇష్టం. అందుకే పదం పక్కన అర్థం ఒక్కటే రాసుకోకు, ఆ పదం వాడిన వాక్యం ఒకటి రాసుకో. అది నువ్వు కట్టింది కాకుండా పేపర్లోనో నిఘంటువులోనో కనిపించిందై ఉండాలి.

గ్రామర్ దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చోబెడతాను, ఏమనుకోకు. హైస్కూల్లో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పినవాణ్ణి కదా. రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం మొత్తం అప్పజెప్పగలిగిన పిల్లలు కూడా తప్పు గుర్తించే ప్రశ్నలో పడిపోవడం చూశాను. కారణం, ఆ తప్పు వాళ్ళ చెవికి తప్పులా వినిపించకపోవడమే. ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడేవాళ్ళు చెవి చెప్పింది చాలావరకు నమ్మొచ్చు. మన చెవి తెలుగుది. అది తెలుగు వాక్యాన్ని సరిచూసి ‘బాగుంది’ అంటుంది. కాబట్టి తెలుగు ఎక్కడెక్కడ మన చెయ్యి పట్టి లాగుతుందో తెలుసుకుని, ఆ చోట్లలో చెవిని కాక రూల్‌ని అడగాలి.

కొన్ని చెబుతాను. మనం ‘మూడేళ్ళ నుంచి’ అంటాం, ‘2022 నుంచి’ అనీ అంటాం. రెండింటికీ ‘నుంచి’ ఒక్కటే. ఇంగ్లీషులో మొదలైన సమయానికి ‘సిన్స్’, గడిచిన కాలానికి ‘ఫర్’. అందుకే ‘సిన్స్ త్రీ ఇయర్స్’ మన చెవికి తప్పనిపించదు. ‘విషయం గురించి చర్చించాం’ అంటాం కనుక ‘డిస్కస్డ్ అబౌట్’ కమ్మగా వినిపిస్తుంది. డిస్కస్ తర్వాత అబౌట్ రాకూడదు. ‘ఊరికి చేరాను’లోని ‘కి’ వల్ల ‘రీచ్డ్ టు’ వస్తుంది. ‘సలహాలిచ్చాడు’ అనడం మనకు మామూలు కాబట్టి ‘అడ్వైసెస్’ అంటే ఉలిక్కిపడం. ఇంగ్లీషులో అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్ లెక్కకు అందనివి, వాటికి బహువచనం లేదు. న్యూస్ చివర ఎస్ ఉన్నా ఏకవచనమే.

అన్నిటికంటే గట్టి పట్టు ‘అని’ది. ‘ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు’ అంటాం. అడిగిన ప్రశ్నను ఉన్నదున్నట్టు ఉంచి వెనక ‘అని’ తగిలిస్తే మన పని అయిపోతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. ప్రశ్న మామూలు వాక్యంగా మారాలి, కాలం వెనక్కి జరగాలి. ‘హి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్’ అనాలి. ‘వేర్ వాజ్ ఐ గోయింగ్’ అని ఇస్తే నూటికి తొంభైమంది మనవాళ్ళు దాటిపోతారని నా అనుమానం. డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ ప్రశ్నలు చేసేటప్పుడల్లా ఈ ‘అని’ని గుర్తు చేసుకో.

కర్తను బట్టి క్రియ మారడం మాత్రం మనకు కొత్త కాదు. వాడు వచ్చాడు, వాళ్ళు వచ్చారు అని అమ్మ ఒళ్ళోనే నేర్చుకున్నాం. అయినా అక్కడ తప్పులు పోతున్నాయంటే, పరీక్ష పెట్టేవాడు కర్తకూ క్రియకూ మధ్య జనాన్ని నింపుతాడు. ‘ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ సోల్డ్ ఇన్ దీజ్ షాప్స్ ఆర్ పూర్’. మామిడిపళ్ళు, దుకాణాలు చూసి కన్ను ‘ఆర్’ను ఒప్పేసుకుంటుంది. కర్త క్వాలిటీ. ఉండాల్సింది ‘ఈజ్’. మధ్యలో ఉన్నదాన్ని పెన్సిల్‌తో బ్రాకెట్లో పెట్టి, ముందు కర్తను, తర్వాత క్రియను చదువు. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు కన్నే ఆ బ్రాకెట్ పెట్టేలా ఇంటి దగ్గర అలవాటు చెయ్యి.

దీనికోసం ఒక తప్పుల నోటు పెట్టు. నీ స్నేహితులు పెట్టుకునేలాంటిది కాదు, అందులో సరైన జవాబులు మాత్రమే ఉంటాయి. నీ నోట్లో తప్పు ఎందుకు పోయిందో ఉండాలి. రూల్ తెలియలేదా, తెలిసీ చూడలేదా, లేక తెలుగు లాగిందా? నెలరోజులు రాస్తే నీ తప్పులు వందరకాలు కాదనీ, ఏడెనిమిదే తిరిగి తిరిగి వస్తున్నాయనీ నీకే కనిపిస్తుంది. పాత ప్రశ్నపత్రాలు కూడా ఈ కంటితోనే చెయ్యి.

ఇప్పుడు నెగటివ్ మార్కులు. అవి అన్యాయమని నువ్వు విసుక్కుంటావు. ఒకసారి నీ లెక్కల బుర్రతో చూడు. రెండో దశ ఇంగ్లీషులో సరైతే 3, తప్పైతే 1 పోతుంది, ఆప్షన్లు నాలుగు. ఏమీ తెలియకుండా నాలుగు ప్రశ్నలు కొట్టావనుకో. సగటున ఒకటి తగిలి 3 వస్తాయి, మిగతా మూడింటికి 3 పోతాయి. మిగిలేది సున్నా. ఒక్క ఆప్షన్‌ను గట్టిగా కొట్టేయగలిగితే, అలాంటి మూడు ప్రశ్నలకు 3 వచ్చి 2 పోయి 1 మిగులుతుంది. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే, రెండు ప్రశ్నలకే 2 మిగులుతాయి. బ్యాంకు పరీక్షల్లో అయిదు ఆప్షన్లు, పావు మార్కు కోత. అక్కడా గుడ్డిగా కొడితే సగటున సున్నాయే.

ఈ లెక్క నాకు భలే నచ్చుతుంది. తెలియనిదాన్ని తెలుసన్నవాడికి ఏమీ రాదు. సగం తెలిసినవాడికి ఆ సగానికి తగ్గది దక్కుతుంది. కానీ ఆ సగం నిజంగా సగమేనా అని చెప్పాల్సింది నువ్వే. అందుకే మాక్ టెస్టులో ప్రతి జవాబు పక్కన ఒక గుర్తు పెట్టు: తెలుసు, సగం తెలుసు, తెలియదు. మార్కులు చూసుకునేటప్పుడు ‘తెలుసు’ అని పెట్టినవాటిలో ఎన్ని తప్పయ్యాయో మొదట లెక్కపెట్టు. ఆ సంఖ్య తగ్గుతున్నంతకాలం నువ్వు ఎదుగుతున్నట్టే, స్కోరు కదలకపోయినా సరే.

మాక్ టెస్టు మధ్యలో టైమర్ ఆపి గూగుల్‌లో చూడకు. చూసి, ఆ స్కోరు గ్రూపులో పెట్టకు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, ఎవరికీ నష్టం లేదు కూడా. కానీ నీ స్థితి నీకు చెప్పే ఒకే ఒక్క సాక్షిని నువ్వే కొనేస్తున్నావన్నమాట. వారం రోజుల్లో వెయ్యి పదాలు అనే వీడియోలు, డౌన్‌లోడ్ చేసి తెరవని పీడీఎఫ్‌లు కూడా ఈ బాపతే. చదివిన తృప్తి ముందే ఇచ్చేస్తాయి, చదవనివ్వవు. రోజూ ఒక ఇంగ్లీషు పత్రిక సంపాదకీయం చదువు. ముందు పదాల కోసం గీతలు గీయకుండా చివరిదాకా చదివి, రచయిత ఏమంటున్నాడో రెండు తెలుగు వాక్యాల్లో చెప్పుకో. అలా చెప్పలేకపోతే మళ్ళీ చదువు. ఆ తర్వాతే మూడు పదాలు ఏరుకో. క్లోజ్ టెస్టు, కాంప్రహెన్షన్ దానితో బాగుపడినంతగా మరి దేనితోనూ బాగుపడవు.

నీ చివరి మాటకు జవాబు బాకీ ఉన్నాను. తెలుగు మీడియం వాళ్ళకు దారి ఒక అడుగు ఎక్కువ, అది నిజం. ఆ అడుగు ఏమిటో పైన చెప్పాను. కానీ సిగ్గుపడేవాళ్ళు తమకు తెలియనిది దాచుకుంటారు. దాచుకున్నదాన్ని ఎవరూ నేర్పలేరు. క్లాసులో చెయ్యెత్తి ‘సార్, ఇది నాకు అర్థం కాలేదు’ అను. నవ్వేవాళ్ళు నవ్వుతారు. వాళ్ళలో సగంమందికి కూడా అర్థమై ఉండదు.

రేపు నువ్వు ఇన్‌కంటాక్స్ ఇన్‌స్పెక్టర్‌వో, ఆడిటర్‌వో అవుతావనుకో. నీ ముందు ఫైలు పెట్టి ‘అంతా సరిగ్గానే ఉంది మేడమ్, సంతకం పెట్టండి’ అంటారు. చూసినట్టే ఉంటుంది, సరిగ్గానే ఉన్నట్టు ఉంటుంది. అప్పుడు ‘ఆగండి, ఇది నేను చదవలేదు’ అనగలిగే మనిషికి ఆ కుర్చీ ఇవ్వాలి. ఈ సీనానిమ్‌లూ ఆర్టికల్‌లూ ఉద్యోగం వచ్చాక కొన్ని మరిచిపోతావు, పర్వాలేదు. తెలిసినదేదో, తెలుసనిపించేదేదో విడదీసుకునే అలవాటు మాత్రం ఇప్పుడే చేసుకో. ర్యాంకు వచ్చినా రాకపోయినా అది నీతో ఉంటుంది. ర్యాంకు రావడానికి కూడా నాకు తెలిసి అంతకంటే దగ్గరదారి లేదు.

మీ అమ్మ నీ మార్కులు అడుగుతుంది, దానికి చెప్పుకో. నాకు మాత్రం ప్రతి ఆదివారం తప్పుల నోటు ఫోటో తీసి పంపు. వేళకు తిను, రాత్రి పన్నెండు దాటాక పుస్తకం ముయ్యి.

ఇట్లు,
మీ మావయ్య