సంధిలోని కన్య

కడచిన సంక్రాంతికి మా బరంపురమున తెలుగు కుటుంబములవారము కొందరము ఒకచోట కూడి, పెద్ద తెర కట్టించి, ‘మహామంత్రి తిమ్మరుసు’ చిత్రమును వేయించితిమి. 1962లో వచ్చిన ఆ చిత్రమునకు కమలాకర కామేశ్వరరావుగారు దర్శకులు. రాయలుగా రామారావుగారును, తిమ్మరుసుగా గుమ్మడివారును, గజపతి కుమార్తె అన్నపూర్ణగా దేవికయు నటించిరి. చిన్నతనమున దీనిని ఒక టూరింగు టాకీసులో ఇసుకపై కూర్చుండి చూచితిని. కిరీటములును, జరీ అంగరఖాలును, కత్తుల తళతళలును తప్ప ఆనాడు నా కన్నులకు వేరేమియు ఆనలేదు. గుమ్మడివారి కన్నులు పోయిన ఘట్టమున మా అమ్మ కొంగు నోట గ్రుక్కుకొని ఏడ్చుట మాత్రము జ్ఞాపకమున్నది. ఇప్పుడు నాకు అరువది ఏడేండ్లు. ఈ పర్యాయము నా చూపు రాయలపై గాని మంత్రిపై గాని నిలువలేదు. పగవాని ఇంటినుండి వచ్చిన ఆ పెండ్లికూతురిపై నిలిచినది.

కథ మీరందరు ఎరిగినదే. యుద్ధమున ఓడిన గజపతి కూతురు రాయల ఇల్లాలగును. పుట్టింటివారి పగ చల్లారదు. పిల్ల మనస్సు మగనివైపు మరలును. పసి యువరాజు విషమునకు బలియగును. ఆ నింద తండ్రివంటి మంత్రి తలపై పడును. చిత్రము ముగిసిన పిమ్మట కాఫీ గ్లాసులు చేతబట్టుకొని మావారు చాలసేపు వాదించుకొనిరి. పెండ్లియైన ఆడుది పుట్టింటి మాట వినవలెనా, మెట్టినింటి మేలు చూడవలెనా? ఒకరు పాతివ్రత్యమనిరి, ఒకరు కన్నఋణమనిరి. మా పొరుగున ముప్పదియేండ్లుగా కాపురమున్న ఒడియా మిత్రుడొకడు అంతయు విని, “మీ సినిమాలలో మా గజపతికి మంచిబుద్ధి ఎన్నడైనా పుడుతుందా అండీ?” అని నవ్వుచు అడిగెను. అందరము నవ్వితిమి. 1936లో గంజాము జిల్లా ఒరిస్సాలో చేరిననాటినుండి ఇరుగుపొరుగుగా బ్రతుకుచున్న మనకు ఆ నవ్వులోని చురుకు తెలియనిది కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందరు అడిగిన ప్రశ్నయే సరియైన ప్రశ్న కాదని నాకు తోచినది.

నేను మెట్రిక్యులేషను మాత్రమే చదివి, గుమస్తాగా ముప్పది నాలుగేండ్లు పనిచేసి విరమించుకొన్నవాడను. చరిత్ర పండితుడను గాను. కాని తీరిక దొరికిన పిదప, రాబర్టు సూయెల్ దొర 1900లో ప్రకటించిన విజయనగర చరిత్రను నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదివితిని. అందులో 1535 ప్రాంతమున నూనిజ్ అను పోర్చుగీసు గుర్రపు వర్తకుడు వ్రాసిన వృత్తాంతమున్నది.

రాయలు 1509లో పట్టమునకు వచ్చెను. 1513లో ఉదయగిరిని ముట్టడించి మరుసటి యేట గెలిచెను. 1515లో కొండవీడు చేజిక్కినది. అచటినుండి కొండపల్లి మీదుగా సింహాచలము, పొట్నూరువరకు సాగెను. సింహాచలమున 1516 నాటి ఆయన శాసనము నేటికిని ఉన్నది. ఈ దండయాత్రలలో గజపతి భార్యయొకతెయు, కుమారుడొకడును రాయలవారికి చెరపడిరని నూనిజ్ చెప్పును. ఆ కుమారుడు కత్తిసామున దిట్టయట. నీ నేర్పు చూపుమని రాయలు పిలిపించి, హీనజాతివాడని అతడు తలచిన వానితో తలపడుమనగా, ఆ అవమానమునకు ఓర్వలేక ప్రాణము తీసికొనెను. కొడుకు ఎట్లును పోయెను, భార్యనైనను విడిపించుకొను దారి యేదియని గజపతి సాళువ తిమ్మరుసుకే జాబు వ్రాసెను. మీ కూతురును మా ప్రభువునకిండు, భార్యయు భూమియు మీకు దక్కునని తిమ్మరుసు బదులు చెప్పెను. అట్లే జరిగినది. 1518 ప్రాంతమున సంధి కుదిరి, కృష్ణకు ఉత్తరపు భూములు గజపతికి తిరిగివచ్చెను. కూతురు విజయనగరమునకు తరలిపోయెను.

ఇది చెవులబడిన మాటలనుబట్టి ఒక పరదేశి వ్రాసినదని మరువరాదు. గజపతి కుమారుడు వీరభద్రుడు 1516లో కర్ణాటకమున మలెయ బెన్నూరు సీమ నేలుచుండినట్లు శాసనమున్నది గనుక, చెరలోని చావు కథను యథాతథముగా నమ్ముటకు వెనుకాడువారున్నారు. అది యెట్లున్నను, బేరములోని పద్దులను చూడుడు: చెరలోని ఒక భార్య, ఏటి ఆవలి భూములు, ఒక కన్య. నా ఉద్యోగకాలమున ఇట్టి జాబితాలు ఎన్నో సాపు వ్రాసితిని. వ్రాయువానికి అన్ని పద్దులును ఒక్కతీరుగానే ఉండును.

ఆ కన్య పేరు మనకు నిశ్చయముగా మిగులలేదు. తుక్కాదేవియనువారున్నారు, జగన్మోహినియనువారున్నారు, అన్నపూర్ణయనువారున్నారు, వరదరాజమ్మయనువారున్నారు. రాయలు పట్టుకొన్న కోటలలో దేనిపేరును ఇట్లు చెదరిపోలేదు. ఆమె కాపురమును గూర్చియు రెండు విధములుగా చెప్పుదురు. భర్త ఆమెను ఎడముగా ఉంచెననియు, ఆమె కంభమున ఒంటరిగా బ్రతికి, గుండ్లకమ్మకు అడ్డముగా అక్కడి పెద్ద చెరువు కట్టించెననియు లోకప్రతీతి. తుమ్మెద మూచూడని సంపెంగను గూర్చి ఆమె చెప్పెనను సంస్కృత శ్లోకములు ‘తుక్కాపంచకము’ పేర వాడుకలో నున్నవి. కాని 1520 ప్రాంతమున ఆ నగరమును కన్నులార చూచిన డొమింగో పేస్, రాయలకు పన్నెండుగురు భార్యలనియు, వారిలో ముగ్గురు ముఖ్యులనియు, ఆ ముగ్గురిలో ఒకతె ఒడ్డె రాజు కూతురనియు వ్రాసెను. పేస్ మాటనుబట్టి చూచిన ఆమె పట్టపురాణులలో ఒకతె; ఊరివారి మాటనుబట్టి చూచిన విడువబడినది. తిరుమలలో రాయల కంచువిగ్రహమునకు ఇరువైపుల తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలిచియున్నారు, మూడవయామె లేదు. ఆ విగ్రహములు ఈ పెండ్లికి ముందే పోసినవి కావచ్చును గనుక, దానినిబట్టి ఏమియు తేల్చరాదు. అయినను తిరుమల వెళ్ళినప్పుడెల్ల నా కన్ను ఆ లేని చోటును వెదకును.

మా ఒడియా మిత్రుడు మరునాడు మరల వచ్చి ఇంకొక కథను జ్ఞాపకము చేసెను. అది ‘కాంచీ కావేరీ’. రామశంకర రాయ్ 1880లో దానిని నాటకముగా వ్రాసెను. ప్రతాపరుద్రుని తండ్రి పురుషోత్తమ గజపతి కాంచీరాజు కూతురు పద్మావతిని అడిగెను. రథయాత్రనాడు జగన్నాథుని రథము ముందు చీపురు పట్టి ఊడ్చువానికి మా పిల్లనీయమని కాంచీరాజు కాదనెను. గజపతి దండెత్తి, మొదట ఓడి, రెండవమారు గెలిచి, పిల్లను తెచ్చి, దీనిని ఊడ్చువానికే ఇచ్చి పెండ్లిచేయుమని మంత్రికి ఆజ్ఞ యిచ్చెను. మంత్రి ఆమెను ఇంట దాచి, రథయాత్రనాడు రాజు బంగారు చీపురుతో ఊడ్చుచుండగా తెచ్చి, ఊడ్చువాడవు నీవే గదా యని అప్పగించెను. ఆ పద్మావతి కొడుకే ప్రతాపరుద్రుడని అచ్చటివారి నమ్మకము.

చిన్నప్పటినుండి మేమందరము ఆ మంత్రి యుక్తికి చప్పట్లు కొట్టినవారమే. ఆయన మంచివాడు, ఆ పిల్లను పెద్ద అవమానమునుండి తప్పించెను. కాని తన తండ్రిని ఓడించి, తనను ఊడ్చువానికిమ్మని శపథము పట్టినవానితో కాపురము చేయుదువా యని ఆయనయు ఆమెను అడిగినట్లు కథలో లేదు. ఇది నిజమైనచో, యుద్ధములో తేబడిన నాయనమ్మకు మనుమరాలే సంధిలో పంపబడినదన్నమాట. తల్లి వచ్చిన విధము తెలిసిన ప్రతాపరుద్రుడు కూతురును పంపునప్పుడు ఏమనుకొనెనో!

“శాంతి మాటయేమి? వేలమంది సిపాయీల ప్రాణముల ముందు ఒక పిల్ల కష్టమెంత?” అని మీరు అడుగవచ్చును. ఇది కొట్టివేయదగిన మాట కాదు. ఐదారేండ్లు నలిగిన సీమలకు ఊపిరి వచ్చినది. రాయలు జీవించియున్నంతకాలము ఆ రెండు రాజ్యములకు మరల అంతటి పోరు కలుగలేదు. ఆ పిల్లనే పిలిచి, “తల్లీ, నీవు పోయినచో ఇందరు బ్రతుకుదురు” అని అడిగియున్నచో ఆమె తలయూపియుండెడిదేమో. అప్పుడది త్యాగమగును. అడుగక తీసికొన్నదానికి త్యాగమని పేరు పెట్టుట, అప్పు వ్రాయించుకొనక సొమ్ము తీసికొని దానమని చిట్టాలో చూపుట వంటిది. పుట్టింటికి ఋణపడినదా, మెట్టినింటికి ఋణపడినదా అని మనము ఆమెను నిలదీయుచున్నాము. ఆమె చేసిన అప్పెక్కడ?

ఈ మాట ఇంత గట్టిగా వ్రాయుటకు నాకొక కారణమున్నది. 1984లో మా నాన్నగారికిని మా మేనమామకును చెరువు క్రింది రెండెకరముల విషయమై పేచీ వచ్చినది. మాటలు ఆగిపోయినవి, వకీళ్ల ఫీజులకు పుస్తెలు తప్ప అన్నియు తాకట్టు పడినవి. తుదకు పెద్దమనుషులు కూర్చుండి రాజీ కుదిర్చిరి. పొలము చెరిసగము, బావినీరు వంతులు, ఖర్చులు ఎవరివి వారివి, మా చెల్లెలిని మేనబావకిచ్చుట. మేనరికమే గనుక ఎవరికిని వింతగా తోచలేదు. నా దస్తూరి గుండ్రముగా ఉండునని ఆ కాగితమును నాచేతనే వ్రాయించిరి. నాలుగవ షరతుగా పెండ్లిమాట వ్రాసి, క్రింద “పై షరతులన్నియు ఉభయపక్షములకు సమ్మతము” అని ముగించి, సాక్షిగా చేవ్రాలు చేసితిని. చెల్లెలు ఆ వేళ పెరటిలో మా అందరి భోజనములకు అరటాకులు కడుగుచుండెను. ఉభయపక్షములలో ఆమె ఏ పక్షమని నాకు తోచలేదు. పెండ్లిలో నేను కన్నీరు పెట్టుకొని, అన్నగా నా ధర్మము నెరవేర్చితినని తృప్తిపడితిని కూడ.

మూడేండ్లు తిరుగకమునుపే బావినీటి వంతులపై మరల రేగినది. ఆమె పండుగకు వచ్చినచో అక్కడివారు మూతులు ముడిచెడివారు. రాకున్న మా అమ్మ అన్నము ముట్టెడిది కాదు. మా నాన్నగారు పోవువరకు ఆ గడప తొక్కలేదు. బావ చెడ్డవాడు కాడు. ఎన్నడును పరుషముగా మాటలాడి యెరుగడు. పిల్లలిద్దరు అక్కరకు వచ్చిరి. చూచినవారు ఆమె సుఖముగానే యున్నదందురు, నేనును అట్లే అనుకొనుచుంటిని. ఆ కాగితము మాత్రము ఇంకను నా పెట్టెలో నున్నది. అక్షరములు నేటికిని చక్కగానే యున్నవి.

తిమ్మరుసు కన్నులకై చిత్రము మనలను ఏడిపించును, ఏడువదగినదే. 1524లో పట్టము కట్టిన ఆరేండ్ల యువరాజు చావునకు ఆయన కుటుంబమే కారణమని శంకించి, ఆ వృద్ధుని కన్నులు తీయించిరని నూనిజ్ కూడ వ్రాసెను. చిత్రము తీసినవారు ఆ గజపతి కన్యకు ఒక మనస్సు నిచ్చి, దానిలోని పెనుగులాటను చూపిరి. చరిత్ర వ్రాసినవారు అదియు చేయలేదు గనుక వారికి కృతజ్ఞుడనే. కాని ఆ పెండ్లిజాబునకు బదులు చెప్పినది కూడ ఆ మహామంత్రియే. ఆయన గొప్పవాడు కాడని నేననను. ఆయనవలె నేనును మంచి ఉద్దేశముతోనే వ్రాసితిని.

ఈ సంక్రాంతికి మా చెల్లెలు మా ఇంటనే యుండి, చిత్రము నా ప్రక్కనే కూర్చుండి చూచినది. చర్చలో ఒక్కమాటయైనను అనలేదు. మరునాటి ఉదయము చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచు, తలయెత్తకయే అడిగెను:

“అన్నయ్యా, ఆ పిల్ల అంతదూరంలో తన భాషలో ఎవరితో మాట్లాడేది?”

కటకమునుండి విజయనగరము వెయ్యి కిలోమీటర్లకు పైన. పుట్టింటి దాసీలు వెంట వచ్చియుందురని చెప్పితిని.

“వాళ్ళూ కొన్నాళ్ళకు వెళ్ళిపోతారు కదా” అని, ఆమె చేట దగ్గరకు లాగికొని మరల కాయలు వలువసాగెను.